అల్లము – మధుమేహము

'శొంఠి లేని కషాయము లేదు' అను సామెత తెలుగునాట వినని వారుండరు. జలుబు చేసినను, అజీర్తి కలిగినను, బాలింతకు పథ్యము పెట్టవలసి వచ్చినను మన గృహిణి చేయి మొదట శొంఠికొమ్ము మీదికే పోవును. పచ్చిగా నున్నప్పుడు అల్లమనియు, ఎండిన పిమ్మట శొంఠి యనియు మనము రెండు పేర్లతో పిలుచు ఈ దుంపకు సంస్కృతమున 'విశ్వభేషజము' అను పేరు కూడ కలదు. అన్నిటికిని మందు అని దాని యర్థము. అంతటి పేరు గల వస్తువు మధుమేహమునకు మాత్రము ఏల పనికిరాదను ప్రశ్న పుట్టుట సహజమే. పనికివచ్చునని కొందరు, ఏమియు ప్రయోజనము లేదని కొందరు వాదించుచున్నారు. మరికొందరు ఒక అడుగు ముందునకు వేసి, ప్రతిదినము అల్లపు రసము పుచ్చుకొన్నచో మాత్రలును సూదిమందును మానివేయవచ్చునని చెప్పుచున్నారు. ఈ మూడవ మాట ప్రాణములతో ముడిపడినది. కావున ఇందు నిజమెంత, అతిశయోక్తి యెంత అను సంగతిని తీరికగా విచారింపవలసి యున్నది.

మొదట వ్యాధి యొక్క విస్తృతిని గుర్తింపవలెను. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున దేశమంతట జరిగిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము 2021 నాటికి మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్ల 10 లక్షల మంది. వ్యాధి ఇంకను పూర్తిగా రాకున్నను దాని గడప మీద నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షల మంది. అనగా మధుమేహి లేని బంధువర్గము నేడు అరుదు. ఇంతమందికి నిత్యము వినవచ్చు సలహా ఏదైనను అది చిన్న విషయము కాజాలదు. మంచి సలహా యైనచో మేలు పెద్దది. చెడ్డ సలహా యైనచో కీడును అంత పెద్దదే.

ఇంతకును మధుమేహమనగా నేమి? మనము తిను అన్నము, రొట్టె, పండు జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తమున కలియును. ఈ చక్కెర రక్తములో తిరుగుచున్నంత మాత్రమున శరీరమునకు శక్తి రాదు. అది కండరములలోని కణములలో ప్రవేశింపవలెను. ఆ ప్రవేశమునకు తలుపు తీయునది ఇన్సులిన్ అను రసము. కడుపులో జీర్ణకోశమునకు వెనుకనున్న క్లోమగ్రంథి దీనిని తయారు చేయును. కొందరిలో, ముఖ్యముగా బాలురలోను యువకులలోను, ఈ రసమును తయారు చేయు కణములే నశించును. ఇది మొదటి రకపు మధుమేహము. మన దేశమున అత్యధికముగా కానవచ్చునది రెండవ రకము. ఇందు ఇన్సులిన్ ఉండియు కణములు దాని మాటను సరిగా వినవు. కాలక్రమమున దాని ఉత్పత్తియు తగ్గిపోవును. పరగడుపున డెసిలీటరు రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నట్లు, మరల పరీక్షించినపుడు కూడ తేలినచో దానిని మధుమేహముగా వైద్యులు నిర్ణయింతురు.

మన ప్రాచీన వైద్యులకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. ప్రమేహములు ఇరువది విధములనియు, వానిలో కఫము వలన కలుగునవి పది, పిత్తము వలన ఆరు, వాతము వలన నాలుగు అనియు వారు విభజించి, మధుమేహమును వానిలో ఒకదానిగా చెప్పిరి. చరకుడు ఈ వ్యాధికి చూపిన కారణములు నేటి వైద్యుడు చెప్పు మాటలవలెనే యున్నవి. సుఖముగా కూర్చుండుట, సుఖముగా నిద్రించుట, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లముతో చేసిన పదార్థములు మితిమీరి భుజించుట ఇందుకు హేతువులని ఆయన అభిప్రాయము. ఇక మందుల మాట. వాగ్భటుడు ప్రమేహములకు శ్రేష్ఠములని ఎన్నినవి ఉసిరికయు పసుపును. అల్లమును శొంఠిని మన వైద్యులు ప్రధానముగా జఠరాగ్నిని పెంపొందించుటకును, ఇతర ఔషధములకు తోడుగను వాడిరి. శొంఠి, పిప్పలి, మిరియములు కలిసిన త్రికటుకము ఇందుకు నిదర్శనము. కాబట్టి అల్లమొక్కటే మధుమేహమును కుదుర్చునని పూర్వులు చెప్పిరనుట పూర్వులకు మర్యాద చేయుట కాదు. వారు అనని మాటను వారికి అంటగట్టుట యగును.

ఇప్పుడు అల్లము లోపల నున్నదేమో చూతము. మనము వేరు అనుకొను అల్లము నిజమునకు వేరు కాదు. భూమిలో అడ్డముగా పెరుగు కాండము. దీనికి విత్తనముతో పని లేదు. కణుపుగల ముక్కను నాటినచో మొక్క లేచును. మన ప్రాంతమున విశాఖ మన్యములోని పాడేరు పరిసరములందును, తెలంగాణమున జహీరాబాదు చుట్టుపట్లను ఈ పంట ప్రసిద్ధము. పచ్చి అల్లములో సుమారు నూటికి 80 పాళ్లు నీరే. మిగిలిన దానిలో పిండిపదార్థము, పీచు, సువాసన నిచ్చు తైలము, కారము నిచ్చు పదార్థములు కలవు. ఆ కారపు పదార్థములలో ముఖ్యమైనది జింజెరాల్. అల్లమును ఎండబెట్టినపుడు జింజెరాల్ కొంత నీటిని కోల్పోయి షోగాల్ అను వేరొక పదార్థముగా మారును. షోగాల్ మరింత కారము. అందుచేతనే శొంఠి ఘాటు పచ్చి అల్లపు ఘాటు వంటిది కాదు. ఒకే దుంపకు మన భాష రెండు పేర్లు పెట్టుటలో ఔచిత్యము లేకపోలేదు. రసాయన శాస్త్ర దృష్టిలో కూడ అవి సరిగా ఒకటి కావు.

ఈ పదార్థములకు చక్కెరతో సంబంధమేమి? ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమువారు 2012లో ప్రకటించిన ప్రయోగము ఒకటి ఇక్కడ చెప్పదగినది. ప్రయోగశాలలో పెంచిన ఎలుక కండరపు కణములకు జింజెరాల్ అందించినపుడు అవి ఎక్కువ గ్లూకోజును లోనికి గ్రహించినవి. గ్లూకోజును లోనికి చేరవేయు మాంసకృత్తు ఒకటి కణము పైపొరకు అధికముగా వచ్చి చేరుటయే ఇందుకు కారణమని వారు కనుగొనిరి. పిండిపదార్థమును చక్కెరగా విరుచు జీర్ణరసములను అల్లపు సారము కొంత మందగింపజేయునని కూడ వేరు ప్రయోగములు చూపినవి. కనుక అల్లము పనిచేయుటకు ఆస్కారమే లేదనుట తగదు. అయితే గాజుపాత్రలోని కణము వేరు, మనుష్యుని శరీరము వేరు. పాత్రలో జింజెరాల్ కణమునకు తిన్నగా తగులును. మనము తిన్న అల్లము ప్రేగులను, కాలేయమును దాటి పోవునప్పటికి దాని రూపము చాలవరకు మారిపోవును. కావున నిర్ణయము మనుష్యులయందు జరిగిన పరీక్షల మీదనే ఆధారపడవలెను.

అట్టి పరీక్షలు ఎక్కువగా ఇరాన్ దేశమున జరిగినవి. వానిలో రెంటిని పోల్చి చూచినచో విషయము బోధపడును. 2013లో ప్రకటితమైన మొదటిదానిలో రెండవ రకపు మధుమేహము గల 64 మంది పాల్గొనిరి. వారిలో ఒక వర్గమునకు దినమునకు 2 గ్రాముల చొప్పున రెండు నెలలపాటు శొంఠి పొడి ఇచ్చిరి. రక్తములోని కొన్ని క్రొవ్వులు తగ్గినవి, ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగైనది. కాని పరగడుపు చక్కెరలో చెప్పుకొనదగిన మార్పు కానరాలేదు. 2014లో ప్రకటితమైన రెండవదానిలో 70 మంది పాల్గొనిరి. సగము మందికి దినమునకు 1.6 గ్రాముల శొంఠి పొడి, తక్కిన సగము మందికి అంతే తూకము గోధుమపిండి పన్నెండు వారములపాటు ఇచ్చిరి. ఈ పర్యాయము శొంఠి పుచ్చుకొన్నవారిలో పరగడుపు చక్కెర తగ్గినది. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి అను పరీక్షయందు కూడ మెరుగుదల కనిపించినది.

గోధుమపిండి ఇచ్చుట ఎందులకని శ్రోతలు అడుగవచ్చును. ఇది పరీక్షకు ఆయువుపట్టు. ఒక గృహస్థు అల్లపు రసము ప్రారంభించినాడనుకొనుడు. అదే దినము నుండి అతడు కాఫీలో పంచదార తగ్గించును, ఉదయము నాలుగడుగులు నడచును, రాత్రి అన్నము ఒక ముద్ద తక్కువ తినును. నెల తిరిగినంతనే చక్కెర తగ్గినది. కీర్తి యెవరికి? అల్లమునకే దక్కును! నడకకును నాలుకను కట్టుకొన్నందులకును రావలసిన పేరు దానికి పోవును. ఎవరికి మందు, ఎవరికి పిండి అందుచున్నదో తెలియనీయక రెండు వర్గములను పోల్చినపుడు మాత్రమే అల్లపు వాటా విడిగా తేలును. హెచ్‌బిఎ1సి పరీక్ష కూడ ఇట్టి భ్రమను తొలగించునదే. ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు జీవించును. అన్ని దినములును దానికి అంటుకొనుచు వచ్చిన చక్కెరను ఈ పరీక్ష కొలుచును. పరీక్షకు ముందు రెండు దినములు ఉపవాసముండి లెక్కను దిద్దుకొనుట ఇందు సాధ్యము కాదు.

ఈ పరీక్షలను బట్టి మనము చెప్పదగినది ఇంతే. రెండవ రకపు మధుమేహము గలవారిలో, వాడుచున్న మందులకు తోడుగా, దినమునకు ఒకటి మొదలు మూడు గ్రాముల శొంఠి పొడి కొందరికి కొంత మేలు చేయవచ్చును. అందరికిని చేయునని తేలలేదు. పరీక్షలలో పాల్గొన్నవారు పదుల సంఖ్యలోని వారే. గడువు రెండు మూడు నెలలే. కంటిచూపును, మూత్రపిండములను, గుండెను, పాదములను ఈ వ్యాధి నుండి అల్లము కాపాడునని చూపిన పరీక్ష లేదు. మధుమేహ చికిత్సకు తుది గమ్యము అవయవముల రక్షణమే గాని కాగితము మీది అంకె కాదు గదా!

మొక్కల నుండి మంచి మందు రాదని ఈ మాటలకు అర్థము కాదు. నేడు రెండవ రకపు మధుమేహమునకు లోకమంతట వాడుకలో నున్న మెట్‌ఫార్మిన్ చరిత్రయే ఇందుకు సాక్ష్యము. ఐరోపాలో గలేగా అను మొక్కను పూర్వము నాటువైద్యములో వాడెడివారు. దానిలో చక్కెరను తగ్గించు గుణము గల పదార్థమున్నట్లు కనుగొనిరి. కాని అది విషము కూడ. దానికి బంధువులైన రసాయనములను తయారు చేయుచు పోగా 1922లో మెట్‌ఫార్మిన్ ఏర్పడినది. 1957లో జాన్ స్టెర్న్ అను ఫ్రెంచి వైద్యుడు దానిని మధుమేహులకు ఇచ్చి ఫలితములను ప్రకటించెను. అమెరికాలో అది అనుమతి పొందినది 1994లో. మొక్కలో గుణము కనుగొనుట ఒక మెట్టు. మోతాదు నిర్ణయించుట, విషమును వేరుచేయుట, వేలమందియందు ఏండ్ల తరబడి పరీక్షించుట మిగిలిన మెట్లు. అల్లము ఈ మెట్లలో మొదటి ఒకటి రెండు మాత్రమే ఎక్కినది.

మరియొక పోలిక కూడ చేయదగినది. వ్యాధి గడప మీద నున్న 531 మంది భారతీయులయందు జరిగిన పరిశోధన ఫలితములు 2006లో వెలువడినవి. ఆహార నియమమును వ్యాయామమును పాటించినవారిలో, పాటింపనివారితో పోల్చినచో, వ్యాధి సోకుట నూటికి 28.5 వంతులు తగ్గినది. మెట్‌ఫార్మిన్ పుచ్చుకొన్నవారిలో ఈ తగ్గుదల 26.4 వంతులు. నడకయు మితాహారమును మందుతో సరితూగినవన్నమాట. సుఖాసనమును నిందించిన చరకుని మాటకు ఇంతకంటె వేరు వ్యాఖ్యానమేల? అల్లమునకు ఇట్టి బలమైన సాక్ష్యము నేటికిని లేదు. కావున అల్లపు రసము త్రాగి పడక కుర్చీలో కూర్చుండుట కంటె, అది త్రాగకున్నను అరగంట నడచివచ్చుట మేలు.

ఇక వంటింటిలోనికి పోవుదము. అల్లము మంచిదని వినగానే మనవారు దానిని పుచ్చుకొను రూపములు మూడు: అల్లపు టీ, అల్లపు పచ్చడి, అల్లపు మురబ్బా. కప్పు టీలో రెండు చెంచాల పంచదార వేసినచో అది 8 నుండి 10 గ్రాములగును. దినమునకు నాలుగు కప్పులైనచో 40 గ్రాములకు చేరవచ్చును. దానిలోని అల్లము మాత్రము నాలుగు చిన్న ముక్కలు. పెసరట్టుతో పాటు నంజుకొను అల్లపు పచ్చడిలో అల్లపు ఘాటును, చింతపండు పులుపును సరిపెట్టుటకు బెల్లము ధారాళముగా పడును. మురబ్బాలో నున్నది పంచదారయే; అల్లము దానికి పరిమళము మాత్రమే. ఈ మూడు రూపములలోను అల్లము పేరు చెప్పుకొని లోనికి వచ్చునది చక్కెర. తేనె కలిపినను ఇదే లెక్క. తేనె కూడ రక్తములో చక్కెరను పెంచును.

అట్లయిన ఏ రూపమున వాడవలెను? పంచదార లేని పలుచని మజ్జిగలో దంచిన అల్లమును కరివేపాకును వేసికొనవచ్చును. కూరలలో, పప్పులో, చారులో చేర్చుకొనవచ్చును. అల్లపు ముక్కలను నిమ్మరసములో నానబెట్టి భోజనమునకు ముందు ఒకటి రెండు నమలుట మనకు అలవాటైన పద్ధతియే. రక్తపుపోటు గలవారు ఉప్పును మాత్రము మితము చేసికొనవలెను. పరీక్షలలో వాడిన 2 గ్రాముల పొడి సుమారు 10 గ్రాముల పచ్చి అల్లమునకు సమానమని, నీటి పాలును బట్టి, లెక్క వేసికొనవచ్చును. రుచికి వేసికొను అల్లము ఎవరి అనుమతియు అవసరము లేని ఆహారము. మందుగా తలచి పొడులను, గుళికలను, గిన్నెడు రసమును పుచ్చుకొనదలచినపుడు మాత్రము వైద్యునికి ముందుగా చెప్పవలెను.

చెప్పవలెననుటకు కారణములు కలవు. ఇన్సులిన్ గాని, గ్లైమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడువారికి చక్కెర మితిమీరి తగ్గు ప్రమాదము ఎప్పుడును ఉండును. దానికి అల్లపు మందు తోడైనపుడు చెమట పట్టుట, చేతులు వణకుట, కన్నులు బైర్లు కమ్ముట కలుగునేమో గమనించుకొనవలెను. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వంటి మందు పుచ్చుకొనువారు అల్లమును అధిక మోతాదులలో వాడరాదు. మధుమేహులలో గుండెజబ్బు గలవారు పలువురు కనుక ఈ మాట వారికి ముఖ్యము. శస్త్రచికిత్సకు పోవువారు, పిత్తాశయములో రాళ్లు గలవారు, గర్భిణులు కూడ మోతాదు విషయమున వైద్యుని అడుగవలెను. ఛాతీలో మంట, కడుపులో వేడి అల్లము ఎక్కువైనందులకు మొదటి గుర్తులు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక మొదటి రకపు మధుమేహమును గూర్చినది. ఈ వ్యాధి గల బాలుని శరీరమున ఇన్సులిన్ దాదాపు లేనే లేదు. లేనిదాని పనిని అల్లము మెరుగుపరచజాలదు. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను వారు ఇన్సులిన్‌ను వెలికి తీయు వరకు ఈ వ్యాధి సోకిన పిల్లలు కొలది నెలలలోనో, ఒకటి రెండు ఏండ్లలోనో మరణించెడివారు. అర్ధాకలితో ఉంచి వారి ఆయువును కొంత పొడిగించుట తప్ప వైద్యులకు వేరు దారి లేకుండెను. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి ఆ మందును మొదటిసారి ఇచ్చిరి. మృత్యుముఖమున నున్న ఆ బాలుడు కోలుకొని మరి పదమూడేండ్లు జీవించెను. అట్టి మందును ఎవరో చెప్పిరని ఇంటిలోని బిడ్డకు మాన్పించినచో రక్తము ఆమ్లమయమై, వాంతులు, ఆయాసము కలిగి, కొలది దినములలోనే, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు దినములలోనే, ప్రాణము మీదికి వచ్చును. రెండవ రకము గలవారికి ఇంత త్వరగా ప్రమాదము కానరాదు. కావుననే వారు మోసపోవుట మరింత సులభము. మాత్ర మానిన నెలకు ఒంటికి ఏమియు కాలేదని సంతోషింతురు. లోపల మూత్రపిండములును, కంటి వెనుక పొరయు నెమ్మదిగా చెడుచుండును. తెలియునప్పటికి పోయిన చూపు తిరిగి రాకపోవచ్చును.

'అల్లమంటే నాకు తెలియదా, బెల్లములాగ పుల్లగా ఉంటుంది' అన్నాడట వెనుకటికొకడు. రుచి చూడకయే తీర్పు చెప్పువారిని చూచి మన పెద్దలు నవ్విన నవ్వు అది. మధుమేహ విషయమున అల్లమును ఆకాశమునకు ఎత్తువారికిని, చూడకయే త్రోసివేయువారికిని ఈ సామెత సమానముగా వర్తించును. పరీక్షించి చూచినవారు చెప్పుచున్నది మితమైన మాట: అల్లము మంచి ఆహారము, కొందరికి కొంత సహాయము, ఎవరికిని మందునకు బదులు కాదు. ఎవరైనను అల్లపు పొడి వాడి చూడదలచినచో, వాడుకకు ముందొకసారి, మూడు నెలల తరువాత ఒకసారి హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించి, రెండు కాగితములను తమ వైద్యుని ముందు పెట్టవలెను. మధ్యకాలమున మందులను గాని నడకను గాని ఆపరాదు. మందును తగ్గింపవలసి వచ్చినచో ఆ నిర్ణయము ఆ కాగితములను చూచి వైద్యుడు చేయవలసినది. పొరుగువారి మాట విని మనము చేయవలసినది కాదు.